ఇంట్లో ఉన్న సైకిల్‌కు మోటారు బిగించుకోవడం ఎలా?

నేను మొదటిసారి సైకిల్‌కు మోటారు బిగించినప్పుడు అన్నీ బాగానే పనిచేశాయి, ఆగడం తప్ప. తిరుచానూరు రోడ్డులో ముందు వెళ్తున్న షేరు ఆటో, చెయ్యెత్తినవాళ్ల కోసం ఉన్నచోటనే నిలిచిపోయింది. రెండు బ్రేకులూ గట్టిగా పట్టాను. ఏళ్లుగా మార్చని రబ్బర్లు రిమ్ము మీద జారాయే గాని పట్టుకోలేదు. చివరికి కాలు నేలకు ఈడ్చి ఆపాను. సైకిల్ ఆటోకు జానెడు దూరంలో ఆగింది. తెగిన చెప్పు నాలుగు గజాల వెనక పడి ఉంది. మోటారుకు, బ్యాటరీకి వేలకు వేలు పోసినవాడికి బ్రేకు రబ్బర్ల ఊసే తట్టలేదు.

అందుకే ఇక్కడ మోటారు సంగతి కాస్త ఆలస్యంగా వస్తుంది. నిజానికి ఈ పనిలో అన్నిటికంటే సులువైనది మోటారు బిగించడమే. దానికి ముందు చేయవలసినవి, తర్వాత చూసుకోవలసినవి ఎక్కువ.

తిరుపతిలో ఇలాంటి సైకిల్ బాగా పనికొస్తుంది. కొండ పాదం దగ్గర అలిపిరి, కపిలతీర్థం వైపు రోడ్డు కాస్త ఎక్కుతుంది గాని మిగతా ఊరంతా దాదాపు చదునే. తిరుచానూరు 5 కిలోమీటర్లు, రేణిగుంట 10 కిలోమీటర్లు. తొక్కలేని దూరాలేమీ కావు. మే నెలలో తొక్కుకుంటూ ఆఫీసుకు చేరితే చొక్కా పిండుకోవలసి వస్తుంది, అంతే. ఆ చెమట తప్పించడానికే మోటారు. సైకిల్‌ను స్కూటర్ చేద్దామనుకుంటే మాత్రం ఇది వదిలేసి స్కూటరే కొనుక్కోండి.

ముందు రెండు అంకెలు గుర్తుపెట్టుకోండి

250 వాట్లు, గంటకు 25 కిలోమీటర్లు. కేంద్ర మోటారు వాహనాల నియమావళి, 1989 ప్రకారం మోటారు శక్తి, వేగం ఈ రెండు హద్దుల లోపు ఉండి, బ్యాటరీ కాకుండా బండి బరువు 60 కిలోలు మించకపోతే దాన్ని మోటారు వాహనంగా లెక్కించరు. రిజిస్ట్రేషన్, లైసెన్సు అవసరం లేదు. హద్దు దాటితే అది మోటారు వాహనమే. అప్పుడు మీరు నడిపేది నంబరు ప్లేటు, బీమా లేని బండి. దాంతో ప్రమాదం జరిగితే మీ తరఫున మాట్లాడే కాగితం ఒక్కటీ ఉండదు.

దుకాణంలో 350 వాట్లు, 500 వాట్లు అంటూ ఊరిస్తారు. మన సైకిల్ ఫ్రేము, ఫోర్కు (ముందు చక్రాన్ని రెండు పక్కలా పట్టుకునే కాళ్లు), బ్రేకులు మనిషి కాళ్ల బలానికి తగ్గట్టు చేసినవి. అలవాటున్న మనిషి ఆగకుండా తొక్కితే వచ్చేది సుమారు 100 వాట్లు. దానికి రెండున్నర రెట్లు తోడైతే చాలదా?

సైకిల్ పనికొస్తుందో లేదో చూడండి

ఉక్కు ఫ్రేము, స్ప్రింగులు లేని ఉక్కు ఫోర్కు, 26 అంగుళాల చక్రాలు, కేబుల్ బ్రేకులు ఉన్న సైకిల్ అయితే సగం తలనొప్పి తగ్గినట్టే. ఇంట్లో పిల్లలు కాలేజీకి వెళ్లేటప్పుడు తొక్కి, తర్వాత మేడమెట్ల కింద పడేసిన గేర్ల సైకిల్ చాలావరకు ఇలాంటిదే అయి ఉంటుంది.

నాన్నగారి కాలం నాటి నల్ల సైకిల్ మీద ప్రేమ ఉన్నవాళ్లు కాస్త నిదానించాలి. దాని బ్రేకులు కడ్డీలతో పనిచేస్తాయి. రబ్బరు రిమ్ము పక్కన కాకుండా లోపలి వైపున ఒత్తుకుంటుంది. మధ్యలో మోటారు అమర్చిన చక్రాన్ని, దానికి కావలసిన సామానుతో కలిపి కిట్టు అని అమ్ముతారు. కిట్టుతో వచ్చే చక్రానికి అలాంటి రిమ్ము ఉండదు. పోనీ పాత రిమ్ములోనే మోటారు కూర్చోబెట్టి పుల్లలు (స్పోకులు) అల్లిద్దామంటే, ఆ సైకిళ్లలో సాధారణంగా ముందు చక్రానికి 32, వెనక చక్రానికి 40 పుల్లలుంటాయి. మోటారు ఉండే హబ్బులకు, అంటే చక్రం నడిమి భాగాలకు, ఎక్కువగా 36 రంధ్రాలుంటాయి. ఇంకో చిక్కు కూడా ఉంది. నల్ల సైకిల్ చక్రాన్నీ 28 అంగుళాలే అంటారు, కిట్టుల్లో దొరికే పెద్ద చక్రాన్నీ 28 అంగుళాలే అంటారు. కాని టైరు కూర్చునే చోట మొదటిది 635 మిల్లీమీటర్లు, రెండోది 622 మిల్లీమీటర్లు. ఒకదాని టైరు ఇంకోదానికి ఎక్కదు. పేరు చూసి తెప్పించుకుని తిప్పి పంపినవాళ్లలో నేనూ ఒకడిని. ఆ సైకిల్‌ను అలాగే ఉంచి, అప్పుడప్పుడు తుడిచి నూనె వేయండి.

తర్వాత టేపు తీసుకోండి. చక్రం ఇరుసు కూర్చునే రెండు గాళ్ల మధ్య లోపలి దూరం కొలవండి. ముందు 100 మిల్లీమీటర్లు, వెనక గేర్ల సైకిల్ అయితే సుమారు 135 మిల్లీమీటర్లు ఉండాలి. గేర్లు లేని సైకిళ్లలో వెనక దూరం ఇంతకంటే బాగా తక్కువ. "లాగి బిగిద్దాం సార్, ఇనుమే కదా" అనే మెకానిక్కులుంటారు. నాలుగైదు మిల్లీమీటర్లయితే సరే. అంతకుమించి వంచితే చక్రం ఒక పక్కకు, చెయిన్ ఒక పక్కకు లాగుతాయి. అలాంటి సైకిల్‌కు ముందు చక్రంలో మోటారు పెట్టుకోవడమే మేలు.

దూరం లెక్క వేసుకుని బ్యాటరీ ఎంచుకోండి

మోటారు చూసి బ్యాటరీ కొంటారు చాలామంది. దారి చూసి కొనాలి. చదునైన రోడ్డు మీద మీరూ తొక్కుతూ ఉంటే కిలోమీటరుకు 8 నుంచి 10 వాట్ అవర్లు ఖర్చవుతాయి (ఒక వాటు చొప్పున గంటసేపు వాడితే ఒక వాట్ అవర్). తొక్కకుండా మోటారు మీదే వదిలేస్తే 12 నుంచి 15.

నా లెక్క చెబుతాను. తిరుచానూరు పక్క నుంచి ఎస్వీ యూనివర్సిటీ వైపు, పోను 9, రాను 9, మొత్తం 18 కిలోమీటర్లు. కిలోమీటరుకు 12 చొప్పున 216 వాట్ అవర్లు. బ్యాటరీని పూర్తిగా ఖాళీ చేయకూడదు, రెండేళ్ల తర్వాత దాని సత్తువ కొంత తగ్గుతుంది కూడా. కాబట్టి మూడో వంతు కలిపితే 290 దగ్గర తేలింది. వోల్టులను ఆంపియర్ అవర్లతో గుణిస్తే వాట్ అవర్లు వస్తాయి. 36 వోల్టుల, 10 ఆంపియర్ అవర్ల బ్యాటరీలో 360 వాట్ అవర్లుంటాయి. ధారాళంగా సరిపోయింది. చంద్రగిరి నుంచో రేణిగుంట నుంచో వచ్చేవాళ్లు తమ దూరం వేసి ఇదే లెక్క చేసుకోవాలి. ఆఫీసులో చార్జింగుకు వీలుంటే ఒకవైపు దూరానికే లెక్క వేసుకోవచ్చు. కాని అక్కడ కరెంటు పోయిన రోజు సంగతి కూడా ఆలోచించుకోవాలి.

తిరుపతిలో బ్యాటరీ అనగానే చాలామందికి కరకంబాడి గుర్తొస్తుంది. దశాబ్దాలుగా అమరరాజా సంస్థ అక్కడ బ్యాటరీలు తయారుచేస్తోంది. ఇన్వర్టర్‌కూ కారుకూ వాడిన అలవాటుతో సైకిల్‌కు కూడా సీసం బ్యాటరీలే పెడదామనిపిస్తుంది. చవక కూడా. 12 వోల్టులవి మూడు వరుసగా కలిపితే 36 వోల్టులు వస్తాయి, నిజమే. కాని 7 ఆంపియర్ అవర్లవి మూడూ కలిపి దాదాపు ఏడు కిలోలు తూగుతాయి. పైగా వాటి మీద రాసిన సామర్థ్యం కరెంటును నిదానంగా, ఇరవై గంటల పాటు తీసుకుంటే వచ్చే లెక్క. మోటారు గంటలో పీల్చేస్తే అందులో బాగా తక్కువే చేతికి వస్తుంది. ఇంట్లో గోడ పక్కన కదలకుండా కూర్చునే పనికి ఆ బ్యాటరీకి తిరుగులేదు. మనం తొక్కి మోయవలసిన బండికి మాత్రం లిథియం కావాలి. 36 వోల్టులు, 10 ఆంపియర్ అవర్లది రెండున్నర, మూడు కిలోల్లో వస్తుంది.

లిథియంలోనూ రెండు రకాలు ఎక్కువగా దొరుకుతాయి. మామూలు లిథియం అయాన్ బ్యాటరీలో పది సెల్స్ వరుసగా ఉంటాయి, నిండితే 42 వోల్టులు. లిథియం ఐరన్ ఫాస్ఫేట్ రకంలో పన్నెండు ఉంటాయి, నిండితే 43.8 వోల్టులు. రెండోది కాస్త బరువు, కాని వేడిని బాగా తట్టుకుంటుంది, ఎక్కువ కాలం వస్తుంది. మన ఎండలకు నా ఓటు దానికే. ఏది కొన్నా దాని చార్జరు దానికే వాడాలి. రెండు చార్జర్ల పిన్నూ ఒకేలా ఉండవచ్చు, అదే ప్రమాదం. 43.8 వోల్టుల చార్జరును 42 వోల్టుల బ్యాటరీకి పెడితే అడ్డుకోవలసింది లోపలున్న రక్షణ సర్క్యూట్ ఒక్కటే. దాన్ని బీఎంఎస్ అంటారు. అది లేని బ్యాటరీని ఎంత చవకగా ఇచ్చినా కొనవద్దు. పాత ల్యాప్‌టాప్ సెల్స్ ఏరి ఇంట్లో టంకం వేసి బ్యాటరీ కట్టే ప్రయోగం అసలే వద్దు.

మోటారు: ముందా, వెనకా?

చక్రం నడిబొడ్డునే మోటారు ఉండే హబ్ రకం తీసుకోండి. అందులోనూ లోపల చిన్న పళ్లచక్రాలున్న గేర్డ్ హబ్. తేలికగా ఉంటుంది, ఎత్తు మీద బాగా లాగుతుంది. కరెంటు లేనప్పుడు చక్రాన్ని పట్టి ఉంచకుండా వదిలేస్తుంది. గేర్లు లేని పెద్ద హబ్బులు చప్పుడు చేయవు గాని బరువు ఎక్కువ, స్విచ్ ఆపి తొక్కితే వెనక్కి లాగుతున్నట్టుంటుంది. పెడళ్ల దగ్గర బిగించే మిడ్ డ్రైవ్ మోటారు మంచిదే, కాని ఖరీదు ఎక్కువ, చెయిన్‌ను త్వరగా తినేస్తుంది, రోజూ ఊళ్లో తిరగడానికి అవసరం లేదు.

వెనక 135 మిల్లీమీటర్లు ఉంటే వెనక చక్రమే ఎంచుకోండి. మన బరువు అటే ఉంటుంది కాబట్టి చక్రం జారదు. ముందు చక్రంలో బిగించడం సులువు, అరగంట పని. కాని రోడ్డు పక్కన ఇసుక మీద, వాన నీళ్లలో మలుపు తిరుగుతూ యాక్సిలరేటర్ ఇస్తే ముందు చక్రం చటుక్కున జారుతుంది. స్ప్రింగులున్న ఫోర్కు అయితే ముందు మోటారు ఆలోచనే మానుకోండి. దాని కింది గాళ్లు సాధారణంగా పోత లోహం, ఇరుసు మెలికకు పుటుక్కున విరిగిపోతాయి.

కిట్టు పెట్టెలో ఇవి ఉన్నాయో లేదో కొనేచోటే విప్పి చూసుకోండి: మోటారు ఉన్న చక్రం, కంట్రోలర్ (బ్యాటరీ నుంచి మోటారుకు ఎంత కరెంటు వెళ్లాలో చూసే పెట్టె), యాక్సిలరేటర్, పెడల్ సెన్సార్, కరెంటు ఆపే స్విచ్ ఉన్న రెండు బ్రేకు లీవర్లు, పక్క ముక్కున్న వాషర్లు, టార్క్ ఆర్మ్ అనే ఉక్కు పట్టీ. చివరిది చాలా కిట్టుల్లో ఉండదు. విడిగా కొనండి.

చక్రం ముట్టుకునే ముందు

నేను తప్పిన మెట్టు ఇదే. సైకిల్‌ను మామూలు సైకిల్‌గానే ఒకసారి దుకాణానికి తీసుకెళ్లండి. నేను ఆలస్యంగా తీసుకెళ్తే మెకానిక్ ముందు చక్రం ఎత్తి తిప్పి, "మోటారు సంగతి తర్వాత సార్, ఈ ఊగులాట చూడండి" అన్నాడు. హెడ్ బేరింగు గుండ్లు అరిగి, హ్యాండిల్ కాడ ఫ్రేము గొట్టంలోనే ఆడుతోంది. నేను గమనించనేలేదు.

బ్రేకు రబ్బర్లు నాలుగూ కొత్తవి, బ్రేకు కేబుళ్లు కొత్తవి. ఇందులో బేరం లేదు. ట్యూబు, టైరు పాతబడి పక్కన చీలికలు కనిపిస్తే మార్చండి. చక్రాల బెండు తీయించండి, వదులైన పుల్లలు బిగించమనండి. చెయిన్ సాగిపోయి ఉంటే చెయిన్, ఫ్రీవీల్ (చెయిన్ ఎక్కే వెనక పళ్లచక్రం) కలిపే మార్చాలి. ఒకటి కొత్తది, ఒకటి పాతది అయితే పళ్ల మీద ఎగిరిపడుతుంది. కొత్త బ్రేకులతో రెండు రోజులు మోటారు లేకుండానే తిరగండి. తడి రోడ్డు మీద కూడా ఆగి చూడండి.

బిగించడం

సైకిల్‌ను తలకిందులు చేసి, కింద పాత దుప్పటి పరవండి. పాత వెనక చక్రం తీసి, ఫ్రీవీల్‌ను కొత్త హబ్బు మీదికి మార్చాలి. దానికి ప్రత్యేకమైన పనిముట్టు కావాలి. సైకిల్ దుకాణంలో రెండు నిమిషాల్లో చేసిపెడతారు. ఇంట్లో ఉలి, సుత్తి పెట్టి కొడితే ఫ్రీవీల్ పళ్లతో పాటు వేళ్లూ పోతాయి. టైరు, ట్యూబు ఎక్కించి గాలి కొట్టాకే చక్రం పెట్టండి.

ఇక ఈ పనికంతటికీ ప్రాణం ఇరుసు. మామూలు చక్రంలో ఇరుసు ఊరికే నిలబడి ఉంటుంది. మోటారు చక్రంలో అలా కాదు. మోటారు చక్రాన్ని ముందుకు తోస్తే, అదే బలంతో ఇరుసు వెనక్కి తిరగాలని చూస్తుంది. దాన్ని ఆపేది ఇరుసు మీద చెక్కిన రెండు చదును అంచులు, అవి కూర్చున్న గాడి, నట్టు బిగువు మాత్రమే. నట్టు వదులైతే ఇరుసు గాడిలో గిర్రున తిరిగి, ఇరుసు లోపలి నుంచి వచ్చే మోటారు వైర్లను తాడు పేనినట్టు మెలిపెట్టి తెంపేస్తుంది. చక్రం ఊడిరావచ్చు కూడా. కాబట్టి చదును అంచులు గాడిలో పూర్తిగా కూర్చోవాలి. వాషరు ముక్కు గాడిలోకి దిగాలి, బయటికి తిరగకూడదు. టార్క్ ఆర్మ్ ఒక చివర ఇరుసు చదునుకు, రెండో చివర ఫ్రేము గొట్టానికి క్లాంపుతో గట్టిగా పట్టి ఉండాలి. నట్లు 18 లేదా 19 నంబరు పానతో, పొడవైన పిడి పట్టుకుని బిగించండి. వైరు బయటికి వచ్చే చోటు కిందికి చూసేలా చక్రాన్ని తిప్పి పెట్టండి. పైకి చూస్తే వాన నీళ్లు వైరు వెంట నేరుగా మోటారులోకి దిగుతాయి.

పెడల్ సెన్సార్ అంటే చుట్టూ అయస్కాంతాలున్న చిన్న బిళ్ల, దాని పక్కన కదలని ముక్క. క్రాంక్‌తో, అంటే పెడల్ బిగించిన కాడతో, పాటు బిళ్ల తిరిగితే మీరు తొక్కుతున్నారని కంట్రోలర్‌కు తెలుస్తుంది. బిళ్ల మీద బాణం గుర్తు పెడల్ ముందుకు తిరిగే దిక్కునే ఉండాలి, రెండింటి మధ్య సందు రెండు మూడు మిల్లీమీటర్లు మించకూడదు. కాటర్ పిన్నుతో బిగించిన పాత క్రాంక్ అయితే ఆ పిన్నును సుత్తితో కొట్టి తీయకండి, వంకరపోతుంది. రెండు ముక్కలుగా విడిపోయి క్రాంక్ మీదే అతుక్కునే బిళ్లలు దొరుకుతాయి, అది అడగండి.

బ్యాటరీని ఫ్రేము మధ్య గొట్టం మీద, నీళ్ల సీసా పెట్టే చోట బిగించగలిగితే చాలా మంచిది. క్యారియర్ మీద పెడితే బరువంతా ఎత్తులో, వెనక చేరి గుంతల్లో సైకిల్ తోక ఊపుతుంది. కంట్రోలర్ కాస్త గాలి తగిలే చోట, నీళ్లు చిమ్మని చోట ఉండాలి.

వైర్లు కలపడం

ఇది చూడగానే భయపెడుతుంది గాని, ప్లగ్గులు ఒకదానికొకటి మాత్రమే సరిపోయేలా చేసి ఉంటాయి. లావుగా ఉన్న పసుపు, ఆకుపచ్చ, నీలం వైర్లు మోటారుకు కరెంటు తీసుకెళ్లేవి. రంగుకు రంగు కలపండి. సన్నని ఐదు వైర్ల ప్లగ్గు, మోటారు ఎక్కడ తిరుగుతోందో కంట్రోలర్‌కు చెప్పే సెన్సార్లది. మూడు సన్న వైర్లు యాక్సిలరేటర్‌కు, మరో మూడు పెడల్ సెన్సార్‌కు, రెండేసి చొప్పున బ్రేకు లీవర్లకు. చాలా కిట్టుల్లో వాటి మీద పేరు రాసే ఉంటుంది.

బ్యాటరీ అన్నిటికంటే చివర. ఎరుపు, నలుపు తారుమారైతే కంట్రోలర్ ఆ క్షణమే కాలిపోతుంది. ప్లగ్గు రంగులను నమ్మకుండా మల్టీమీటర్ పెట్టి చూడండి. అదే చేత్తో వోల్టేజీ కూడా చూడవచ్చు. పది సెల్స్ వరుసగా ఉన్న బ్యాటరీ 36 నుంచి 42 మధ్య చూపాలి, 30 దగ్గర ఉంటే ఖాళీ అయినట్టు. బ్యాటరీ ఎరుపు వైరులో 20 ఆంపియర్ల ఫ్యూజు పెట్టండి. ప్లగ్గు కలిపేటప్పుడు చిన్న నిప్పురవ్వ వస్తే కంగారు పడకండి, అది కంట్రోలర్ లోపలి కెపాసిటర్ నిండుతున్న గుర్తు. పొగ వచ్చినా, వాసన వచ్చినా మాత్రం వెంటనే పీకేయాలి.

వైర్లను ప్లాస్టిక్ ట్యాగులతో ఫ్రేముకు కట్టండి. హ్యాండిల్ రెండు వైపులా పూర్తిగా తిప్పి, ఏ వైరూ బిగుసుకోవడం లేదని చూశాకే ట్యాగులు కత్తిరించండి.

మొదటి పరుగు

వెనక చక్రం గాల్లో ఉండేలా స్టాండు వేసి స్విచ్ వేయండి. యాక్సిలరేటర్ కొద్దిగా తిప్పండి. చక్రం వెనక్కి తిరిగితే తప్పు మీది కాకపోవచ్చు. కంట్రోలర్‌లో విడిగా ఉండే ఒక జత సన్న వైర్లను కలిపి చక్రాన్ని ఒకసారి తిరగనిస్తే చాలా కంట్రోలర్లు సరైన దిక్కు తామే నేర్చుకుంటాయి. కిట్టు కాగితంలో ఆ వైర్ల రంగు ఉంటుంది. తర్వాత చక్రం తిరుగుతుండగానే ఒక్కో బ్రేకు లీవరు పట్టండి. లీవరు కొద్దిగా కదలగానే మోటారు ఆగిపోవాలి. రెండూ విడివిడిగా ఆపితేనే సైకిల్ కింద దించండి.

ఆదివారం పొద్దున్నే, మనుషులు తిరగని లేఅవుటు వీధిలో మొదటి అరగంట నడపండి. ఇంటికి వచ్చి ఇరుసు నట్లు మళ్లీ బిగించండి. కొత్త చక్రానికి పుల్లలు మొదటి వంద కిలోమీటర్లలో సర్దుకుంటాయి, అప్పుడు మళ్లీ బెండు తీయించాలి. ఇది దాటవేస్తే పుల్లలు ఒకదాని తర్వాత ఒకటి టప్ టప్‌మంటూ తెగుతాయి, అదీ వెనక ఫ్రీవీల్ వైపే, మార్చడానికి అన్నిటికంటే కష్టమైన చోట.

రోజూ నడపడం

కదిలేటప్పుడు రెండు మూడు తొక్కులు మీరే తొక్కి, తర్వాత మోటారును అందుకోనివ్వండి. ఆగి ఉన్న బండిని కదిలించడానికే మోటారు ఎక్కువ కరెంటు మింగుతుంది, ఎక్కువ వేడెక్కుతుంది. గోవిందరాజస్వామి గుడి చుట్టుపక్కల వీధుల్లో స్విచ్ పూర్తిగా ఆపేయండి. అక్కడ యాత్రికులు గోపురం వైపు చూస్తూ నడుస్తారు. మోటారు బిగించిన సైకిల్ చప్పుడు లేకుండా వస్తుంది కాబట్టి గంట తప్పనిసరి. హెల్మెట్, వెనక ఎర్ర లైటు కూడా.

ఘాట్ రోడ్డు ఎక్కుతుందా అని ప్రతి ఒక్కరూ అడుగుతారు. లెక్క చూడండి. తిరుపతి సముద్ర మట్టానికి సుమారు 160 మీటర్ల ఎత్తులో ఉంది, తిరుమల సుమారు 850. మనిషీ సైకిలూ కలిసి వంద కిలోలనుకుంటే, అంత ఎత్తు ఎక్కడానికే దాదాపు 190 వాట్ అవర్లు కావాలి. మోటారు వేడిగా వృథా చేసేదీ, టైరు రాపిడీ అదనం. ఎక్కడం అలా ఉంచండి, దిగేటప్పుడు ఆ 190 వాట్ అవర్లనూ మింగవలసింది మీ నాలుగు రబ్బరు ముక్కలే. ఈ సైకిల్‌ను అలిపిరి దగ్గరే ఆపి, బస్సెక్కండి, లేదా మెట్లెక్కండి.

ఎండలో నిలిపిన సైకిల్ నుంచి బ్యాటరీ తీసి వెంట తీసుకెళ్లండి. దొంగ భయం ఒకటి, వేడి భయం ఒకటి. ఇంటికి రాగానే చార్జింగ్ పెట్టకుండా ఒక అరగంట, ముప్పావుగంట చల్లారనివ్వండి. సెల్స్ 45 డిగ్రీలకు మించి వేడిగా ఉన్నప్పుడు చార్జింగ్ చేయకూడదు, మన మే నెల సాయంత్రాల్లో అది పెద్ద దూరం కాదు. 2 ఆంపియర్ల చార్జరుతో 10 ఆంపియర్ అవర్ల బ్యాటరీ నిండడానికి ఐదు గంటలు పడుతుంది. ఖర్చయ్యేది అర యూనిట్ లోపే. రాత్రంతా పెట్టి నిద్రపోకండి. వీధి గుమ్మం దగ్గర, మెట్ల కింద పెట్టకండి. ఏదైనా అంటుకుంటే మీరు బయటికి పరుగెత్తవలసిన దారి అదే. సెలవులకు ఊరెళ్తుంటే సగం నింపి ఉంచండి.

అక్టోబరు నుంచి డిసెంబరు వరకు ఈశాన్య రుతుపవనాల కాలం. 2021 నవంబరులో తిరుపతి వీధులు ఏరులైన సంగతి చూసినవాళ్లకు చెప్పనక్కరలేదు. చినుకుల్లో నడపవచ్చు. ఇరుసు మునిగేంత నీళ్లు నిలిచిన చోటుకు, రైల్వే అండర్ బ్రిడ్జిల్లోకి మాత్రం దిగకండి. హబ్బు చిమ్మే నీళ్లకు తట్టుకుంటుంది గాని మునిగితే తట్టుకోదు. తడిసిన రోజు ప్లగ్గులు విప్పి ఆరనిచ్చి, పొడిబట్టతో తుడిచి మళ్లీ కలపండి.

వారానికి ఒకరోజు స్విచ్ వేయకుండా ఆఫీసు దాకా తొక్కండి. గేర్డ్ హబ్బు అడ్డుపడదు కాబట్టి కాస్త బరువైన మామూలు సైకిల్‌లా ఉండాలి, అంతే. అంతకంటే బరువుగా అనిపిస్తే మోటారును అనుమానించకండి. ముందు చక్రం ఎత్తి తిప్పండి, తర్వాత వెనకది. నూటికి తొంభైసార్లు బ్రేకు రబ్బరు రిమ్ముకు రాసుకుంటూ ఉంటుంది. మోటారు తోడున్న రోజుల్లో అది కాళ్లకు తెలియనే తెలియదు.